పాయింటు ఎనిమిది బ్రేకు

"మా గనిలో ఇక ఏదీ పాడు కాదు!"

మేనేజరు జయకృష్ణ గారు ఇలా ప్రకటించగానే, గోదావరిఖనిలో బొగ్గు తవ్వడం మొదలయ్యాక ఇంత గొప్ప మాట ఎవరూ అని ఉండరని నాకు ఒళ్లు పులకరించింది. నేను ఆయన టైపిస్టుని. పులకరించడం నా డ్యూటీలో భాగం.

సారు హైదరాబాదులో శిక్షణ పొంది ఫజ్జీ లాజిక్ నేర్చుకొచ్చారు. ఇకపై ఔను, కాదు అనే మోటు మాటలు చెల్లవు. యంత్రం ఎంత మేరకు బాగుందో సున్నాకీ ఒకటికీ మధ్య మార్కు వేయాలి. పంపుకు పాయింటు ఆరు, ఫ్యానుకు పాయింటు ఏడు వచ్చాయి. సున్నా దేనికీ రాలేదు. నెల తిరక్కుండానే గని పనితీరు మెరుగుపడిందని పై ఆఫీసు మెచ్చుకుంది కూడా.

చిక్కల్లా నర్సింగంతో వచ్చింది. కార్మికులను గనిలోకి దింపే ట్రాలీని నడిపేది అతడే.

"సార్, ట్రాలీ బ్రేకు పడ్తలేదు. బంద్ పెట్టి కొత్తది ఎయ్యాలె."

"పడటం లేదనకూడదయ్యా. ఎంత మేరకు పడుతోంది?"

"శానసార్లు పడ్తది. ఒక్కోసారి జారుతది."

"చూశావా, పాయింటు ఎనిమిది. ఫస్టు క్లాసు."

"జారినప్పుడు అండ్ల మనుషులుంటరు సార్."

"కంగారు పడకు. మెల్లగా దించు."

ఆ రోజు నుంచి షిఫ్టు వాళ్లు ట్రాలీ ఎక్కే ముందు గని మైసమ్మకు మరీ వంగి దండం పెట్టసాగారు. సారు దాన్ని 'కార్మికుల మనోధైర్యం, పాయింటు తొమ్మిది' అని టైపు చేయించారు.

ఈ ఘనకార్యం చూడటానికి పై ఆఫీసు నుంచి డైరెక్టరు గారే వచ్చారు. టోపీ పెట్టుకుని ట్రాలీ ముందు నిలబడ్డారు.

"మీరు ముందు సీట్లో కూర్చోండి జయకృష్ణ. మీ వెనకే నేను."

సారు ఒక కాలు లోపల పెట్టి, రెండోది బయటే ఉంచి నన్ను దగ్గరికి పిలిచారు.

"బ్రేకు పడుతుందా?"

"పాయింటు ఎనిమిది సార్," అన్నాను గర్వంగా.

"ఆ లెక్కలు కాదయ్యా, పడుతుందా, పడదా? ఒక్క మాట చెప్పు."

ఆ ఒక్క మాట మా గనిలో ఎప్పుడో రద్దయింది. నేను నోరు తెరిచేలోగానే సారు లోపలి కాలు బయటికి తీసేశారు. డైరెక్టరు గారికి టీ తాగాలనిపించింది.

అంతలో రెండో షిఫ్టు సైరను మోగింది.

"ఊఁ, వీళ్లను దించు నర్సింగం," అన్నారు సారు.

నర్సింగం ట్రాలీ తాళం జేబులో వేసుకున్నాడు. "మీరు ఎక్కినంక మేము ఎక్కుతం సార్."

షిఫ్టు మొత్తం అక్కడే బైఠాయించింది. సాయంత్రానికల్లా కొత్త బ్రేకు వచ్చేసింది.

పాత బ్రేకు మార్కు దిద్దమంటారా అని సారును అడిగాను.

"ఎందుకయ్యా? అది నేను ఎక్కనప్పటి మార్కు కదా," అన్నారు.