సమగ్రతకు ముప్ఫై తొమ్మిది వ్యతిరేకాలు

సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పుస్తకాలు కూర్చే రోజులవి. చొక్కాకి సిరా వాసన అంటిందంటే ఆ మనిషికి ఉద్యోగం ఉన్నట్టే. వ్యతిరేక పదాల మహాకోశ కార్యాలయంలో సహాయక సంపాదకుడి చొక్కాకి ఆ వాసన ఆరు నెలలుగా అంటుతూనే ఉంది గాని, ఉద్యోగం మాత్రం ఇంకా ఖాయం కాలేదు. పరీక్షాకాలం ఆ సాయంత్రంతో ముగుస్తుంది.

“ఇవాళైనా తేలుతుందా?” అంది భార్య, ఊడిన గుండీ కుడుతూ.

“ఒక్క పుటే మిగిలింది. పదింటికల్లా ముగించి, పెద్దాయన చేత సిఫారసు మీద సంతకం పెట్టించుకుని, భోజనానికి వచ్చేస్తా.”

“మీరు వచ్చేస్తానన్నప్పుడల్లా నేనొక్కదాన్నే తింటున్నాను.”

పెద్దాయన అంటే ప్రధాన సంపాదకుడు. చాటున అందరూ ఆయనను భూతద్దం అనేవారు. కామాకూ, కాగితం మీద వాలిన ఈగకూ తేడా తేల్చనిదే ఆయన తరువాతి పంక్తికి కదలడు. ఏడుసార్లు చదవకుండా ఏ పుట మీదా సంతకం చేసిన పాపాన పోలేదు.

“సమగ్రతకు వ్యతిరేకాలు రెండేనా?” అన్నాడాయన ఆ ఉదయం కార్యాలయంలో, సహాయకుడు రాసిచ్చిన చీటీ చూసి. “అసమగ్రత, అసంపూర్ణత. ముందు ‘అ’ తగిలిస్తే సరిపోతుందటయ్యా? అది బద్ధకం! జనం నోట ఆడే మాటలు కావాలి. అయిదింటికి పుట అచ్చెక్కాలి. ఎక్కకపోతే నీ సిఫారసు మీద నా సంతకం ఉండదు.”

సహాయకుడు నోటుపుస్తకం చంకన పెట్టుకుని, దిగ్విజయ యాత్రకు వెడలిన చక్రవర్తి వలె మెట్లు దిగి అచ్చుశాలలో ప్రవేశించాడు. వచ్చిన పనేమిటో చెప్పడం ఒక్కటే మరిచాడు.

అక్షరాలు కూర్చే బాబాయి మొదట ఎదురయ్యాడు.

“బాబాయ్, పని సరిగ్గా చేయకపోతే ఏమంటారు?”

బాబాయి చేతిలో అక్షరం ఆగింది. ఆయన నోటుపుస్తకాన్ని చూశాడు, కలాన్ని చూశాడు. “నన్నా అడుగుతున్నావు? ఆ మూల పుస్తకాలు కుట్టే అక్కనడుగు. ఆవిడ కుట్టు తూతూ మంత్రం, అట్ట అతికించడం మొక్కుబడి. రాసుకో!”

సహాయకుడు పరమానందంతో రాసుకుని, అదే ప్రశ్న పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు.

“నా గురించి అలా అన్నాడా ఆ మహానుభావుడు?” అంది అక్క, నోటుపుస్తకంలోకి తొంగిచూసి. “ఆయన దిద్దేదంతా పైపైనే. అరకొర చూపు, అంటీ ముట్టని చెయ్యి. ఏదో అయిందనిపించి లేచిపోతాడు. ఇంకా కావాలా?”

“ఎన్నుంటే అన్నీ చెప్పక్కా!”

చాలా ఉన్నాయి. యంత్రం నడిపే మామ ఆ ఇద్దరి మీదా సమానంగా ధారపోశాడు. గంటలో ముప్ఫై అయిదు మాటలు పోగయ్యాయి. వాటిని అకారాది క్రమంలో పేర్చడానికి సహాయకుడు పైకి వెళ్ళగానే, విచారణ మొదలైందనీ, నోటుపుస్తకానికెక్కిన వారికి ఉద్వాసన తప్పదనీ అచ్చుశాలంతా గుప్పుమంది.

భయం నేర్పే శ్రద్ధను ఏ గురువూ నేర్పలేడు. మూడు గంటలకు సహాయకుడు దిగివచ్చేసరికి బాబాయి ఒక్కో అక్షరాన్నీ కిటికీ వెలుగులో పరీక్షిస్తున్నాడు. అక్క కుట్టిన పుస్తకాలన్నీ విప్పి మళ్ళీ కుడుతోంది. మామ యంత్రాన్ని నిలువునా విడదీసి, మరమేకులను ఒక గుడ్డ మీద పేర్చుకుని కిరసనాయిలుతో తుడుస్తున్నాడు.

“బాబాయ్, అయిదింటికల్లా ఇది కూర్చాలి,” అన్నాడు సహాయకుడు గుండె చిక్కబట్టుకుని.

బాబాయి కాగితం చదివాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “నన్ను తిట్టిన తిట్లు నా చేత్తోనే కూర్చాలా? ఇదెక్కడి న్యాయం?”

“మరి నన్నన్నవో?” అని అక్క లేచింది. ఆ కేకలకు పైనుంచి పెద్దాయన దిగివచ్చాడు. సహాయకుడు తల వంచుకుని చెప్పాడు: “పదాలండీ. కోశం కోసం. ఏరుకుందామని వచ్చాను, అంతే.”

బాబాయి గొంతు తగ్గించి అడిగాడు. “అయితే ఆవిడన్న మాటలు పుస్తకంలోకెక్కుతాయా?”

“ఎక్కుతాయి.”

“నావీ?”

“అవీ ఎక్కుతాయి. కాకపోతే అక్కవి కాస్త ఎక్కువున్నాయి.”

“ఆగు మరి! నాకింకో నాలుగు గుర్తొస్తున్నాయి.”

ఆ తరువాత జరిగినది పని కాదు, యజ్ఞం. మామ యంత్రాన్ని బిగిస్తుంటే అక్క మరమేకులు అందించింది. బాబాయి చేతులు పిచ్చుకల్లా ఎగిరాయి. అయిదుకు రెండు నిమిషాలున్నాయనగా తడి ఆరని పుట పెద్దాయన చేతికి వచ్చింది. ఆయన గడియారం చూశాడు, నలుగురి మొహాలూ చూశాడు. జీవితంలో మొదటిసారి, “ఆ, సరే, కానివ్వండి!” అని చదవకుండా సంతకం చేశాడు. అదే ఊపులో సిఫారసు మీదా చేశాడు.

ఇప్పుడా అచ్చుశాల లేదు. ఆ సీసం ఎప్పుడో కరిగి మరేదో అయింది. సహాయకుడు పదవీ విరమణ చేసి కూడా చాలా ఏళ్ళయింది. అప్పుడప్పుడు ఆ పుట తెరిస్తే, ‘అరకొర’ దగ్గర అక్క గొంతూ, ‘మొక్కుబడి’ దగ్గర బాబాయి గొంతూ వినిపించి, చదవడం సాగదు. ముప్ఫై తొమ్మిది మాటల్లో ఒక్క అచ్చుతప్పు లేదు.

పుట పైన శీర్షికగా ఉండవలసిన ‘సమగ్రత’ అన్న మాట మాత్రం అచ్చు కాలేదు. ఆ రోజు దానితో ఎవరూ ఎవరినీ తిట్టలేదు.