సెకనుకు పదకొండు ఎంబీలు, ఇంటికి ఇద్దరు అతిథులు

ఇంట్లో కంప్యూటర్ నెట్‌వర్క్ వేగంగా నడిచేవాళ్ళను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్ళింటికి ఎవరొస్తారు?

నవ్వకండి! అనుభవంతో చెబుతున్నాను.

మేం జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌కు మారి ఏడాది దాటింది. సింగపూర్‌లో ఒక మనిషిని భోజనానికి పిలవాలంటే మూడు వారాల ముందే ఆయన క్యాలెండర్‌లో చోటు అడగాలి. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్‌ను ముందే ఆపుకుని ‘చోప్’ చేసినట్టు మనిషిని చోప్ చేయలేం కదా! మొన్న మా పెళ్లిరోజుకు నా భార్య సూర్యకుమారి పన్నెండు మందికి వండింది. వచ్చింది ఇద్దరు. అందులో ఒకాయన ఫ్లోర్ పొరబడి వచ్చాడు!

అలాంటి మాకు గత శనివారం అదృష్టం పట్టింది. మా అమ్మాయి అనన్య అరంగేట్రం వీడియోలు, రెండు వందల జీబీ, నా కంప్యూటర్ నుంచి హాల్లోని స్టోరేజ్ బాక్సుకు కాపీ పెట్టాను. సెకనుకు పదకొండు ఎంబీల చొప్పున ఐదు గంటలు పడుతుందని చూపించింది. ‘ఇంట్లో ఫైల్ కాపీ బాగా స్లో. ఎందుకంటారు?’ అని మా తెలుగువాళ్ళ గ్రూపులో అడిగాను.

పెళ్లిరోజు పిలుపుకు బొటనవేలు బొమ్మతో సరిపెట్టిన గ్రూపు అది! ఈసారి పది నిమిషాల్లో నలభై జవాబులు! గంటన్నరలో వుడ్‌ల్యాండ్స్ నుంచి మధుసూదనరావు దిగాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే శశికాంత్ ఆ కొస నుంచి ఈ కొసకు ట్రైన్‌లో వచ్చాడు. కన్నబిడ్డకు జ్వరమన్నా ఇంత తొందరపడతారా?

“రౌటర్ మార్చాల్సిందే అన్నగారూ” అన్నాడు మధుసూదనరావు.

“రౌటర్ మంచిగనే ఉందన్నా. డిస్కే సతాయిస్తున్నది” అన్నాడు శశికాంత్.

రౌటర్‌ను మూడుసార్లు ఆపి ఆన్ చేశారు. వైఫై ఆపారు. సలహా ఇవ్వబోతే నన్నూ ఆపారు! సూర్యకుమారి ఉప్మా పెట్టింది. రెండో కాఫీకి వాదన సడలి కబుర్లు మొదలయ్యాయి. శశికాంత్ భార్యకు నెల కిందట ఆపరేషన్ అయిందని అప్పుడు తెలిసింది.

“ఒక్క మాట చెప్పకూడదా తమ్ముడూ? నేను వచ్చి వండిపెట్టేదాన్ని కదా!” అంది సూర్యకుమారి.

“అందరు బిజీగ ఉంటరు గద వదినా.”

కాసేపు ఎవరమూ రౌటర్ వైపు చూడలేదు.

అంతలో ట్యూషన్ నుంచి అనన్య వచ్చింది. వంగి అల్మరా వెనక్కి తొంగిచూసింది. “నాన్నా, కేబుల్ మీద కప్‌బోర్డ్ కాలు ఉంది లా!” అని ఇక్కడి పిల్లల యాసలో చెప్పి, నలిగిపోయిన కేబుల్ పీకేసి తన గదిలోది తెచ్చి పెట్టింది. మిగతా వీడియోలన్నీ పావుగంటలో పూర్తి! నిపుణులిద్దరూ బూట్లు తొడుక్కున్నారు. ఇంకా నాలుగు గంటలు కూర్చునే మనుషులు! అనన్యకు చదువు మరీ ఎక్కువ చెప్పించాననిపించింది.

తలుపు మూసి, ‘సమస్య తీరిపోయింది, థాంక్స్’ అని గ్రూపులో టైప్ చేస్తున్నాను. సూర్యకుమారి ఫోన్ లాక్కుంది.

“వచ్చే శనివారం ప్రింటర్ పనిచేయడం లేదని పెట్టండి. గారెలకు పప్పు నానబోస్తాను. శశికాంత్‌ను భార్యతో సహా రమ్మనండి.”

“మనకు ప్రింటర్ లేదుగా!”

“ఇంకా మంచిది. బాగుచేయడానికి సాయంత్రం దాకా పడుతుంది.”