ఆరుగురు కొట్టగా, ఆరుగురు పరుగెత్తగా

మనిషి కనిపెట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఏది? నిప్పు అనకండి, అది కళ్ళు మండిస్తుంది. పడవ అనకండి, అది మునుగుతుంది. అన్నిటికన్నా గొప్పది పని-రోజుల లెక్క! "ఆరుగురు ఇరవై నాలుగు రోజుల్లో చేసే పనిని పన్నెండుమంది ఎన్ని రోజుల్లో చేస్తారు?" అని అడుగుతుందే, ఆ లెక్క!

మా వవావు దీవిలో దాన్ని ఎగతాళి చేసేవాళ్ళకు కొదవలేదు. అరవై రెండేళ్ళకు పలక పట్టినదాన్ని, నేను మాత్రం ఆ మాట పడనివ్వను. ఆ లెక్కలో ఉండే మనుషుల్ని చూడండి! వాళ్ళకు ఆకలి లేదు, నడుం నొప్పి లేదు, చుట్టాలు లేరు. ఇద్దరు కలిస్తే పని సగం రోజుల్లో అయిపోతుందట. మా ఊళ్ళో ఇద్దరు కలిస్తే మూడో మనిషి గురించి మాట్లాడుకోవడంతోనే పొద్దు గూకుతుంది.

ఇక నిమిషాలను గంటలుగా, గంటలను రోజులుగా మార్చే లెక్కలైతే వజ్రాలే! వాననీటి తొట్టి కారుతోందని చెబితే, "ఒక్క నిమిషం ఆగవే, బాగుచేస్తా" అన్నాడు మా ఆయన సెమిసి. ఆ నిమిషం ఇంకా నడుస్తుండగానే, పదకొండేళ్ళు గడిచాక కన్నుమూశాడు. అదెంత నిమిషమో చదువొచ్చాకే తెలిసింది. యాభై ఏడు లక్షల ఎనభై ఒక్క వేల ఆరువందలు! లీపు సంవత్సరాల రోజులు మాఫీ చేశాను. ఎంతైనా మొగుడు కదా!

ఈ లెక్క మా ఊరిని ఎలా కాపాడిందో చెబుతాను, వినండి.

మా బడికి కొత్త గది కట్టారు. తెరవడానికి మంత్రిగారు వస్తున్నారన్నారు. గేటు నుంచి గుమ్మం దాకా తొంభై అడుగులు. ఆ దారంతా తాపా పరవాలి. చెట్టు బెరడును కొయ్య సుత్తులతో సాగగొట్టి, అతికించి, రంగు వేసి మేం చేసే గుడ్డ అది. దాన్ని కొట్టేది ఆడవాళ్ళం, దానిమీద నడిచేది పెద్దవాళ్ళు. పెద్దమనిషి పాదం మట్టికి తగిలిందా, ఊరి ఆడవాళ్ళ పరువు ఆ మట్టిలో కలిసినట్టే. ముప్పై ఏళ్ళ కిందట పక్క ఊళ్ళో గుడ్డ రెండడుగులు తక్కువైంది. ఇప్పటికీ వాళ్ళను 'రెండడుగుల వాళ్ళు' అనే పిలుస్తారు. పిలిచేది ఎక్కువగా నేనే.

మా ఆరుగురికి అంత గుడ్డ చేయాలంటే ఇరవై నాలుగు రోజులు పడుతుంది. సరిగ్గా అన్ని రోజులే ఉన్నాయి. కాని మాకు లెక్కలు నేర్పే కలాఫి మాస్టారు సుద్దముక్క తీశారు. "పన్నెండుమంది చేస్తే పన్నెండు రోజులే కదా! తొందరేముంది?" అన్నారు. ఇంకేముంది! మిగిలిన పన్నెండు రోజులూ ఊరి పెద్దలు కావా వేరు పిండిన మత్తునీళ్ళు తాగుతూ, మంత్రిగారి పక్కన ఎవరు కూర్చోవాలో చర్చించారు. తేలలేదు.

సోమవారం పన్నెండుమందిమీ బెరడు పరిచి కొట్టే దుంగ దగ్గర చేరాం.

"మాస్టారూ, ఈ దుంగకు ఆరుగురికే చోటుంది" అంది నా స్నేహితురాలు పిసిలా.

"సర్దుకు కూర్చోండి అక్కా."

"సర్దుకోడానికి మేమేమన్నా డబ్బాలో చేపలమా? నన్ను చూసి మాట్లాడు నాయనా, నేనే ఇద్దరి చోటు!"

"పుస్తకంలో దుంగ సంగతి లేదే!" అని మాస్టారు పుస్తకం తిరగేశారు.

పిసిలాతో పాటు మరో ఐదుగురు లేచి చామదుంపలు ఉడకబెట్టడానికి పోయారు. కొట్టడం తేలికేనని చూపించడానికి మాస్టారే సుత్తి అందుకున్నారు. నాలుగు నిమిషాలకు అరచేయి బొబ్బలెక్కింది. "రెండువందల నలభై సెకన్లు కొట్టాను!" అని లేచారు. చూశారా కాలం మార్చే లెక్క మహిమ! నిమిషాల్లో చెబితే సిగ్గు, సెకన్లలో చెబితే శౌర్యం.

బుధవారం పొద్దున లెసియెలి అత్త పోయింది. తొంభై ఒక్క ఏళ్ళు. ఊళ్ళో శవం లేస్తే మూడు రోజులు సుత్తి మోగకూడదు. పాపం ఆమెకు లెక్కలు రావు. వచ్చి ఉంటే మంత్రిగారు వచ్చి వెళ్ళేదాకా ఆగేది. ఆపైన ఆదివారం, ఆ రోజు మా దీవిలో ఎవరూ పని ముట్టరు.

"అదీ ఒక రోజే కదా?" అన్నారు మాస్టారు.

"ఆ మాట పాస్టరుగారికి చెప్పి రండి, సుత్తి పట్టుకుంటాం" అన్నాను. మాస్టారు వెళ్ళలేదు.

మరుసటి వారం శుక్రవారం సాయంత్రం కొలిచాం. ముప్పై అడుగులు! మర్నాడు పదింటికి మంత్రిగారు.

పిసిలా దుంగమీద కూలబడింది. "అయిపోయిందే! రెండడుగుల వాళ్ళను ఏడిపించావు. ఇక మనల్ని అరవై అడుగుల వాళ్ళంటారు. మన మనవరాళ్ళను కూడా అంటారు!" అని కళ్ళొత్తుకుంది.

నేను పలక తీశాను. గుడ్డను పదేసి అడుగుల చొప్పున మూడు ముక్కలు చేద్దాం. మంత్రిగారు భారీ మనిషి, పైగా మా దీవి మర్యాద ప్రకారం నడుముకు పెద్ద చాప చుట్టుకుంటారు. ఒక్కో అంగకు రెండు సెకన్లు, అంగ వేస్తే రెండడుగుల నేల. అంటే ముక్కకు పది సెకన్లు. ఆయన ఒక ముక్క దిగగానే ఇద్దరు దాన్ని చుట్టి, పక్కనుంచి పరుగెత్తి ముందు పరవాలి. ఆయన మిగతా రెండు ముక్కలూ దాటడానికి ఇరవై సెకన్లు. పరుగుకు పన్నెండు. ఇంకా ఎనిమిది మిగులు!

"ఆయన చూస్తేనో?" అంది పిసిలా.

"పెద్దవాళ్ళు కిందికి చూడరు. వెనక్కి అసలే చూడరు."

శనివారం బ్యాండు మోగింది. దుంగ దగ్గర చోటు దొరకని ఆరుగురూ రెండేసి మంది చొప్పున పరుగెత్తారు. ఇద్దరి చోటు ఆక్రమించే పిసిలా జింకలా ఎగిరింది! ఊరంతా చూసింది, ఒక్కరూ నోరు మెదపలేదు. మంత్రిగారు మాత్రం గడ్డం పైకెత్తుకుని, మట్టి తగలకుండా గుమ్మం చేరారు.

"తొంభై అడుగుల తాపా! పన్నెండుమంది ఆడపడుచులు! పన్నెండే రోజులు!" అని మైకులో పొగిడారు. కలాఫి మాస్టారు లేచి దండం పెట్టారు. లెక్క సరిపోయింది మరి! ఆరుగురు కొట్టగా, ఆరుగురు పరుగెత్తగా, లెక్కకు ఏ లోటూ రాలేదు. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆ సంతోషంలోనే మాస్టారు మరో కబురు చెప్పారు. వచ్చే ఏడు ఆసుపత్రి గది తెరుస్తారట. మళ్ళీ తొంభై అడుగులు.

"ఈసారి ఇరవై నలుగురు కూర్చుంటే ఆరు రోజులే! మీకెంత విశ్రాంతి!"

"మంచిది మాస్టారూ. ఊళ్ళో సుత్తి ఎత్తగల ఆడవాళ్ళం పందొమ్మిది మందిమి. మిగిలిన ఐదుగురు?"

"జవాబులు పుస్తకం చివర్లో ఉంటాయమ్మా" అన్నారాయన, సుద్దముక్క జేబులో పెట్టుకుంటూ.

చివరి పేజీ చూశాను. అక్కడ లేదు. అందుకే ఆ ఐదు పేర్లూ నేనే గుండ్రంగా రాసి, దుంగకు మేకు కొట్టి తగిలించాను. నాలుగు పేర్లు కావా దగ్గర కూర్చునే పెద్దలవి. అన్నిటికన్నా పైన కలాఫి మాస్టారి పేరు.

ఆయనకు రెండువందల నలభై సెకన్ల అనుభవం ఉంది కదా!