వివేకపెట్టె

మానవజాతి నిప్పును కనిపెట్టిన తరువాత, దాన్ని ఎప్పుడు ఆర్పాలో కనిపెట్టిన ఘనత గృహవిద్యుత్ వివేక విభాగానిదే. 2004లో ఆ విభాగం నాంపల్లిలోని ఒక గల్లీలో ఇంటింటికీ మీటరు పక్కన డిజిటల్ పెట్టె బిగించింది. ఏది అవసరమో ఏది వృథానో పెట్టె తనంతట తానే ఆలోచించి, వృథా అనుకున్నదానికి కరెంటు ఆపేస్తుంది. (ఇంట్లోవాళ్లను అడగదు. అడిగితే ఇక అది డిజిటల్ ఎలా అవుతుంది?)

ఆ గల్లీలో ఇవాంజెలిన్ ఇంట్లోనే కేకులు చేసి అమ్మేది. మర్నాడు చెల్లెలు బెత్సీ పెళ్లి. మూడంతస్తుల కేకు తానే చేస్తానని మగపెళ్లివారికి మాట ఇచ్చింది. పిండి కలిపి ఓవెన్ వెయ్యగానే పెట్టె కుయ్‌మంది. ఓవెన్ ఆగిపోయింది. పెట్టె మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: ‘అనవసరపు వేడి’. హాల్లో టీవీ మాత్రం నడుస్తూనే ఉంది. (క్రికెట్ నిత్యావసరమట.)

ఆమె పిండిగిన్నె ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆబిడ్స్‌లోని విభాగం ఆఫీసుకు వెళ్లింది. లిఫ్టు పనిచేయడం లేదు. గిన్నెతో నాలుగంతస్తులు ఎక్కేసరికి, ఉపవివేకాధికారి విద్యాసాగర్ చీకట్లో ఫైలుతో విసురుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విని, ఓవెన్‌కు మినహాయింపు కంప్యూటర్‌లో నిమిషం పని అన్నాడు. కాకపోతే ఆఫీసుకూ ఒక పెట్టె పెట్టారు. అది మొదట లిఫ్టును, తరువాత లైట్లను, ఫ్యాన్లను, ఆ ఉదయమే కంప్యూటర్‌ను వృథాగా గుర్తించింది.

“పెట్టెనే తీసెయ్యున్రి సార్. రేపు మా చెల్లె పెండ్లి.”

“తియ్యాలంటే కంప్యూటర్ నుంచి ఆర్డర్ రావాలె తల్లీ. మా పెట్టె తియ్యమని మేం గూడ దరఖాస్తు పెట్టినం.”

“ఎవరికి పెట్టిన్రు?”

“మాకే.”

ఇవాంజెలిన్‌కు నవ్వు ఆగలేదు. కాసేపటికి ఆయనకూ ఆగలేదు. పోతూ పోతూ, చెమటతో తడిసిన ఆ మనిషిని చూసి జాలిపడి పెళ్లికి పిలిచింది.

అక్కడినుంచి తిన్నగా మొజంజాహీ మార్కెట్ దగ్గర రాజమల్లు బేకరీకి వెళ్లింది. ఆయన బిస్కెట్లు పక్కన పెట్టి కట్టెల భట్టీ ఇచ్చాడు. కేకు కొంచెం ఎడమకు వంగింది, కొంచెం పొగ వాసన వచ్చింది. మర్నాడు పెళ్లిలో బెత్సీ మొదటి ముక్క తిని రెండోది అడిగింది. విద్యాసాగర్ కూడా వచ్చాడు. చర్చి హాలుకు పెట్టె లేదు కనుక, చివరి అతిథి వెళ్లేదాకా ఫ్యాను కిందే కూర్చున్నాడు.

నెలాఖరున విభాగం సగర్వంగా ప్రకటించింది: గల్లీలో కరెంటు వాడకం సరిగ్గా సగానికి తగ్గింది.

మిగిలిన సగం పెట్టెలు వాడుకుంటున్నాయి.