గిజిగాడి గూళ్లు, డెలివరీ ఫ్రీ

ఒక పెద్ద అడవిలో, సిగ్నల్ బాగా అందే చింతచెట్టు తొర్రలో వరాలు అనే ఉడుత కాపురం ఉండేది. గిజిగాళ్లు వాడి వదిలేసిన గూళ్లను ఏరి, దులిపి, ఆన్‌లైన్ సంతలో అమ్మడం దాని వ్యాపారం. ఇంట్లో ముగ్గురు పిల్లలు. రెండు వారాల్లో వానలు. తడిస్తే గూళ్లు కుళ్లిపోతాయి. అవి అమ్ముడుపోకపోతే వానాకాలమంతా పిల్లలకి గింజ ఉండదు.

వరాలు ఒట్టి అమాయకురాలు. ఉన్నదున్నట్టు రాసింది: "గూడు రెండు పల్లీలు. డెలివరీ మూడు."

డెలివరీ పని గూడబాతు గవర్రాజుది. సంచిలాంటి ముక్కులో సరుకు పెట్టుకుని ఎంత దూరమైనా ఎగురుతాడు. మూడు పల్లీలకి తగ్గితే మాత్రం రెక్క విప్పడు.

అడవి భగ్గుమంది. "సరుకు రెండూ, మోత మూడా? పట్టపగలు దోపిడీ!" అని ఎలుగుబంటి నూకాలమ్మ కామెంట్ పెట్టింది. దాని కింద ఎనభై కోతులు "అవునవును" అన్నాయి. వారం గడిచినా ఒక్క గూడూ కదల్లేదు.

వరాలు సలహా కోసం నక్క దగ్గరికి వెళ్లింది. నక్క జన్మలో ఏమీ అమ్మలేదు గానీ, ఎలా అమ్మాలో అందరికీ చెబుతూ ఉండేది.

"పిచ్చిదానా, గూడు అయిదు పల్లీలని పెట్టు. డెలివరీ ఫ్రీ అని రాయి."

"లెక్క అదేగా బాబాయ్?"

"లెక్క ఎవరు చూస్తారే?"

నిజంగానే ఎవరూ చూడలేదు. పొద్దెక్కేసరికి పాతిక ఆర్డర్లు! మొదటిది నూకాలమ్మదే. ఏటి అవతల ఉన్న కూతురు బిడ్డని కన్నది, పక్కలో మెత్తగా ఉంటుందని పంపిస్తోంది. వరాలు కాళ్లు నేల మీద ఆగలేదు.

గవర్రాజు బయల్దేరబోతుంటే నూకాలమ్మ తేనెపట్టు పట్టుకుని రొప్పుతూ వచ్చింది. "ఎలాగూ అటే వెళ్తున్నావు కదయ్యా, ఇది కూడా మా అమ్మాయికి ఇచ్చెయ్. ఫ్రీయే కదా!"

ఆ వెనకే కోతి, బావమరిదికి మామిడికాయలు తెచ్చింది. ముళ్లపంది వియ్యపురాలికి కందగడ్డ తెచ్చింది. మూడో ట్రిప్పుకి గవర్రాజు ముక్కు వాచిపోయింది.

"ఇక ట్రిప్పుకి తొమ్మిది పల్లీలు చెల్లెమ్మా. కాదంటే పోయి చేపలు పట్టుకుంటా."

అయిదు తీసుకుని తొమ్మిది ఇవ్వాలి! వరాలుకి ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లల ముందు ఏడవలేక కొమ్మ చివరికి పోయి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అటునుంచి అటే అడవి సభకి పోయి మొరపెట్టుకుంది.

"బరువును బట్టి చార్జీ పెడదాం," అంది చీమ.

సభాధ్యక్షుడు ఏనుగు గట్టిగా దగ్గాడు. "సభలో బరువు మాట ఎత్తకండి. మర్యాద కాదు."

"పొడవు మాట కూడా," అంది కొండచిలువ.

"దూరాన్ని బట్టి పెట్టండి," అంది చింతచెట్టు కిందే ఉండే కుందేలు. అడవి అంచు నుంచి నడిచొచ్చిన నెమలి అలిగి వెళ్లిపోయింది. చివరికి ఒక ఉపసంఘం వేశారు. వానలు వెలిశాక నివేదిక ఇస్తుందట.

అప్పటికే మబ్బు పట్టింది. వరాలు మిగిలిన గూళ్ల వంక చూస్తూ కూర్చుంది. వీళ్లకి గూడు కాదు కావలసింది, అటు వెళ్లేవాడు కావాలి. గూడంటే మూతి ఉన్న సంచే కదా అనుకుంది. వెంటనే ప్రకటన మార్చేసింది:

"గూడు ఫ్రీ! డెలివరీ అయిదు పల్లీలు. గూట్లో పట్టినంత సామాను మీవాళ్లకి చేరుస్తాం."

"గూట్లో పట్టినంతే అయితే నాకు పాత రేటే చాలు," అన్నాడు గవర్రాజు.

జనం తోసుకుంటూ వచ్చారు. నూకాలమ్మ ఒక్కతే నాలుగు పట్టుకుపోయింది. గవర్రాజుకి మూడు, వరాలుకి రెండు. పిల్లలు ఆఖరి పల్లీ తొర్రలోకి దొర్లిస్తుండగా మొదటి చినుకు పడింది.

అదే సమయంలో నూకాలమ్మ కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. "మొదట్లో మోతకే మూడు అడిగిందే ఆ ఉడుత! గట్టిగా బుద్ధి చెప్పాను. ఇప్పుడు చూడు, గూళ్లు ఊరికే ఇస్తోంది."

నీతి: నిజం అయిదుకి అమ్ముడుపోకపోతే, సగం ఊరికే ఇచ్చి మిగతా సగం అయిదుకి అమ్మండి.