ఓబులమ్మకు పదకొండు రోజుల దూరం

కువైట్‌కూ హైదరాబాదుకూ మధ్య దూరాన్ని మనిషిని బట్టి లెక్కగట్టడం మొదలైన మూడో ఏట, ఓబులమ్మకు విమానంలో పదకొండు రోజులని ఖరారైంది. విమానం అందరికీ ఒక్కటే. దూరాలే వేరు.

ఓబులమ్మది రాయచోటి. కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. హైదరాబాదులో ఉంటున్న చెల్లెలు నాగవేణికి పెళ్లైన తొమ్మిదేళ్లకు కడుపు పండింది. కాన్పు పద్నాలుగో తేదీ అన్నారు. ఓబులమ్మ సెలవు నాలుగున మొదలవుతుంది. ఆమె దూర నిర్ణయ కార్యాలయానికి మూడు వారాలు తిరిగి, చివరికి ఒక అధికారిని పట్టుకుంది.

"నెల సెలవులో పోనూ రానూ ఇరవై రెండు దినాలు గాల్లోనే గడిస్తే, ఇంట్లో ఉండేది ఎన్నాళ్లు సార్?"

"ఎనిమిది రోజులు. లెక్క సరిగ్గానే ఉంది కదమ్మా."

"మా చెల్లెలి కాన్పుకు నేనుండల్ల. ఈ దూరం ఎవురు పెట్టినారు?"

"ఎవరూ పెట్టరు. నువ్వు చేసే పని, పడుకునే గది, పెట్టెకు కట్టిన తాడు, అన్నీ చూస్తే అదే వస్తుంది."

ఓబులమ్మ బల్ల మీదికి వంగింది. "విమానంలో నేను నడిస్తే తగ్గదా?"

అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. "ముందుకు నడిస్తే తగ్గుతుంది. వెనక్కి నడిస్తే పెరుగుతుంది. నిషేధమైతే లేదు."

నాలుగో తేదీ తెల్లవారుజామున విమానం లేచింది. పక్క సీటు కాంట్రాక్టరు నలభై నిమిషాలకు శంషాబాదులో దిగి వెళ్లిపోయాడు. ఓబులమ్మ కిటికీలో కువైట్ ఇంకా దాటలేదు. ఆమె కొంగు నడుముకు దోపుకుని తోక దగ్గర్నుంచి ముక్కు దాకా నడిచింది. వెనక్కి రావడమే చిక్కు. భోజనాల బండి తోసుకుపోతున్న ఎయిర్‌హోస్టెస్‌ను ఆపింది.

"నన్ను దీని మీద కూర్చోబెట్టి వెనక్కి తోస్తావా అమ్మా? అప్పుడది నా నడక కాదు గదా."

ఆ పిల్ల పైవాళ్లను అడిగింది. అభ్యంతరం లేదన్నారు. ఓబులమ్మ అలా ముందుకు నడుస్తూ, బండి మీద వెనక్కి వస్తూ ఉండిపోయింది. అయిదో రోజుకు పాదాలు పొంగాయి. చెప్పులు విప్పేసి నడిచింది. ఏడో రోజున కళ్లు తిరిగి పడిపోయింది. ముందుకే పడింది కాబట్టి అదీ లెక్కలో వేశారు.

మొత్తం మీద ఒక రోజు రెండు గంటలు తగ్గాయి. పద్నాలుగో తేదీ పొద్దున ఓబులమ్మ ఆసుపత్రి చేరేసరికి నాగవేణిని లోపలికి తీసుకుపోతున్నారు.

"అక్కా, వచ్చినావా!"

"రాకుండా ఎట్లుంటానే," అని ఓబులమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

మూడో రోజున గుమాస్తా వచ్చి జనన పత్రంతో పాటు దూర ధ్రువపత్రం కూడా ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పాపకు కువైట్ తొమ్మిదిన్నర రోజుల దూరం. ఓబులమ్మ రెండుసార్లు చదువుకుంది.

"నాకన్నా దినమున్నర తక్కువే నాగా!" అంటూ పత్రాన్ని చెల్లెలి చేతిలో పెట్టింది.

నాగవేణి భర్త పరుగున పోయి మైసూర్‌పాక్ తెచ్చాడు. వార్డంతా పంచారు. నర్సు పాపను ఎత్తుకుని, అదృష్టవంతురాలంది. పాప కువైట్‌కే ఎందుకు పోవాలని ఎవరూ అడగలేదు.