బ్రంచ్ స్థలాల అన్వేషణ ఉన్నత సంఘం

ఆ ఆదివారం పొద్దున వర్దియా పురపాలక ఆఫీసు గోడ మీద ఒక ప్రకటన వెలిసింది.

"కైరో నగర శివార్ల చరిత్రలో మొట్టమొదటిసారిగా, సెలవు రోజున పొద్దెక్కి లేచిన పౌరుడు ఎక్కడ కూర్చుని ఏమి తినవలెనో తేల్చే బరువైన బాధ్యతను ప్రభుత్వమే తన భుజాలకెత్తుకొన్నది. ఇందు నిమిత్తం బ్రంచ్ స్థలాల అన్వేషణ ఉన్నత సంఘం ఏర్పాటైనది. సంఘం తన తీర్పు వెలువరించు వరకు పౌరులు తొందరపడి ఎక్కడా తినవద్దని మనవి."

ఆఖరి వాక్యం నాది. నా పేరు వగ్దీ. ఆఫీసు గోడ పక్కన మడత బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెడతాను. ఆఫీసు కంప్యూటరు రిపేరుకు వెళ్ళి రెండేళ్ళవుతోంది కాబట్టి, ముఖ్యమైన రాతకోతలకు నన్ను పైకి పిలుస్తుంటారు. నా దస్తూరి చూసి గవర్నరు కార్యాలయం వాళ్ళు అచ్చు వేయించారనుకుంటారట. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు, మా అధికారి షౌకత్ పాషా స్వయంగా అన్న మాట.

షౌకత్ పాషాకి ఈ ఆలోచన ఊరికే రాలేదు. గవర్నరు సమావేశంలో పక్క శివారు అధికారిని లేపి నిలబెట్టి, వాళ్ళ పేటలో తొమ్మిది బ్రంచ్ హోటళ్ళున్నాయని మెచ్చుకున్నారు. తర్వాత మా పాషా వైపు తిరిగి, "మీ దగ్గర ఎన్ని?" అని అడిగారు. పాషా నిజాయితీపరుడు. లెక్క తెలియదని చెప్పలేదు. "అన్వేషణలో ఉన్నామండి," అన్నారు. మరి మూడు వారాల్లో, శుక్రవారం నాడు, తానే వచ్చి చూస్తానన్నారు గవర్నరు.

సంఘంలో ఐదుగురు. పాషా, సీలు తాళంచెవి చూసే మేడమ్ ఇన్షిరాహ్, మురుగు కాలవల ఇన్‌స్పెక్టరు, రోడ్ల ఇన్‌స్పెక్టరు, వీధి దీపాల ఇన్‌స్పెక్టరు. మినిట్స్ రాయడానికి నేను.

"బ్రంచ్ అంటే ఏమిటి పాషా?" అని మురుగు కాలవలాయన మొదటి సమావేశంలో అడిగాడు.

"పొద్దున తినాల్సింది ఆలస్యంగా తినడం, మధ్యాహ్నం తినాల్సింది ముందే తినేయడం."

"ఎన్ని గంటలకి?"

"పది నుంచి పన్నెండు దాకా."

మేడమ్ ఇన్షిరాహ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పద్దెనిమిదేళ్ళుగా మనం చేస్తున్నది అదేగా పాషా. దానికో పేరుందని నాకు తెలీదు."

మా ఆఫీసులో పదింటికి బల్లల మీద పాత న్యూస్‌పేపర్లు పరుచుకుంటాయి. కింద గోడ పక్కన సిబాయీ బండి నుంచి ముదమ్మస్ వస్తుంది. చిక్కుడు గింజలు కడవలో తెల్లవార్లూ సన్నసెగ మీద ఉడికి వెన్నలా అయ్యాక, నూనె, జీలకర్ర, నిమ్మరసం వేసి మెదిపి ఇస్తాడు. దాంతో వేడి రొట్టెలు, తామియా వడలు, ఊరవేసిన ముల్లంగి, ఉల్లికాడలు. పన్నెండు దాకా కిటికీ దగ్గర నిలబడ్డ జనం, లోపల్నుంచి వచ్చే వాసన పీలుస్తూ చాలా ఓర్పుగా ఉంటారు. ఓర్పు నేర్పే ఆఫీసులు దేశంలో ఇంకా ఉన్నందుకు మనం సంతోషించాలి.

ఆ రోజు ఇంకో తీర్మానం కూడా రాశాను. గవర్నరు వచ్చే దారిలో, సంఘం ఎంపిక చేసిన జాబితాలో లేని తిండి బండ్లూ బల్లలూ ఏవైనా సరే గురువారం సాయంత్రానికల్లా తీసేయాలి.

కిందికి దిగి సిబాయీ బాబాయ్‌కి ఈ సంగతి చదివి వినిపించాను. పదకొండేళ్ళుగా ఆ గోడ పక్కన నిలబడుతున్న మనిషి. గరిటె ఆపి విన్నాడు.

"పాషా రోజూ నా దగ్గరే తింటాడుగా మాస్టారూ. నన్నెందుకు తీస్తాడు?"

"జాబితాలో ఉంటే తియ్యరు బాబాయ్."

"అయితే నా పేరు రాసెయ్. కలం నీ చేతిలోనే ఉందిగా."

"నేను రాసేది వాళ్ళు చెప్పింది."

"ఈ బండి తప్ప నాకింకేం తెలీదు," అన్నాడు. తర్వాత నా రొట్టెలో ఓ గుడ్డు ఎక్కువ పెట్టాడు. లంచం కాదు. ఆయన బాధపడితే గుడ్డు పెడతాడు.

బాబాయ్ లైసెన్సు ఫైలు కథ ఇక్కడ చెప్పాలి. పదకొండేళ్ళుగా ఆ ఫైల్లో అన్ని కాగితాలూ ఉన్నాయి, ఒక్క చిరునామా తప్ప. "చక్రాలున్నదానికి చిరునామా ఏముంటుంది?" అని మేడమ్ ఎంతో సానుభూతితో అడిగింది. చక్రాలు పీకేస్తానన్నాడు బాబాయ్. "అప్పుడది కట్టడం అవుతుంది నాయనా. ప్లాను కావాలి, పునాది చూపించాలి," అంది. ఆమెకు నిబంధనలన్నీ నోటికొచ్చు. అలాంటి వాళ్ళ వల్లే ఈ మాత్రమైనా నడుస్తోంది.

అన్వేషణ మంగళవారం మొదలైంది. బ్రంచ్ శుక్రవారాల తిండి గాని, శుక్రవారం ఆఫీసుకి సెలవు. సెలవు రోజున ప్రభుత్వాన్ని పని చేయించడం న్యాయం కాదు. బయల్దేరే ముందు సభ్యులు ఐదుగురూ బల్లల దగ్గర కూర్చుని ముదమ్మస్ తిన్నారు. ఖాళీ కడుపుతో వెళితే ఆకలి తీర్పు చెప్తుంది గాని సంఘం చెప్పదని పాషా వాదన. నాకు సబబుగానే తోచింది.

మొదటిది గాజు గోడల కాఫీ హోటలు. మేం తప్ప మనుషుల్లేరు. సర్వర్ కుర్రాడు నలభై నిమిషాల తర్వాత ఒక్కొక్కరి ముందు ఒక్కో చెక్క ముక్క పెట్టాడు. దాని మీద కాల్చిన రొట్టె, రొట్టె మీద పచ్చటి ముద్ద, ముద్ద మీద గుడ్డు.

"పళ్ళెం ఏదయ్యా?" అన్నారు పాషా.

"ఇదే సార్ పళ్ళెం."

"ఇది చెక్క."

"అవును సార్."

మురుగు కాలవలాయన గుడ్డు మీద కత్తి ఆనించగానే పచ్చసొన బల్ల అంచు దాకా పారింది. వెంటనే పుస్తకం తీసి "లీకేజీ" అని రాసుకున్నాడు. వీధి దీపాలాయన ఆ పచ్చటి ముద్దని సెల్‌ఫోన్ వెలుగులో పరీక్షించాడు. అవకాడో అని చెప్పారు. దేశం ఎటు పోతోందో నాకర్థమయింది.

"ఊరగాయ తెస్తావా అబ్బాయ్?" అని మేడమ్ ఇన్షిరాహ్ మెల్లిగా అడిగింది.

"లేదండీ."

"పోనీ ఉల్లికాడ?"

"అదీ లేదండీ."

ఆమె ఫైలు మూసేసింది.

రెండు వారాల్లో ఎనిమిది హోటళ్ళు పరీక్షించారు. ప్రతిచోటా ఆఫీసు తిండి ముందు, పరీక్ష తర్వాత. ఎక్కడా ఎవరికీ ఆకలి వెయ్యలేదు. ఆకలి పుట్టించలేని హోటళ్ళని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. రోడ్లాయన ఒక చోట కుర్చీ బాగుందని మెచ్చుకున్నాడు గాని, అది తిండికి కాదని మార్కులు కొట్టేశారు.

గవర్నరు రావడానికి రెండు రోజుల ముందు, బుధవారం, పాషా తలుపులు వేయించారు. "రేపు నన్ను పక్షపాతి అని ఎవడూ అనకూడదు. రహస్య ఓటు పెడదాం. వర్దియాలో నిజంగా కడుపు నిండిన చోటు, మనసుకి నచ్చిన చోటు, ఒక్కటి రాయండి. ప్రథమ బహుమతి దానికే. ఎవరు ఏం రాశారో ఎవరికీ తెలీదు."

ఐదు చీటీలు నా చేతికిచ్చారు. ఒక్కోటి విప్పి చదివాను.

సిబాయీ బండి. సిబాయీ బండి. సిబాయీ బండి. సిబాయీ బండి, నిమ్మకాయతో. సిబాయీ బండి.

ఐదోది ఆకుపచ్చ సిరాతో ఉంది. మా ఆఫీసులో ఆకుపచ్చ సిరా ఒక్కరే వాడతారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఇంతమంది ప్రభుత్వోద్యోగులు ఒకేసారి నిజం రాయడం నేను మొదటిసారి చూశాను, నిజంగానే కళ్ళు చెమర్చాయి. బాబాయ్ గట్టెక్కాడనుకున్నాను.

"రాయండి మాస్టారూ," అన్నారు పాషా గొంతు సవరించుకుని. "ఫారం నింపండి. ప్రథమ బహుమతి. చిరునామా?"

నా కలం ఆగింది. అందరం మేడమ్ వైపు చూశాం.

"దానికి చిరునామా లేదు పాషా," అందామె. "ఆ గడి ఖాళీగా ఉంటే గవర్నరు ఆఫీసు ఫారం తిప్పి పంపేస్తుంది."

అప్పుడు వీధి దీపాలాయన, పాపం ఎప్పుడూ నోరు విప్పనివాడు, అన్నాడు. "మరి మనం తిన్నది ఎక్కడ?"

"అంటే?"

"వండింది బండి దగ్గరే. తిన్నది మాత్రం ఈ బల్లల మీదే కదండీ. బ్రంచ్ స్థలం అంటే తిన్న చోటేగా."

పాషా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వెనక్కి తిరిగినప్పుడు ముఖం గంభీరంగా ఉంది. "నాకు ఇష్టం లేదు," అన్నారు. "మన ఆఫీసుకి మనమే బహుమతి ఇచ్చుకోవడం నా స్వభావానికి విరుద్ధం. కాని సంఘం నిజం కనుక్కుంటే దాన్ని దాచే హక్కు నాకెక్కడిది?"

రాశాను. ఏడో నంబరు, నారింజ వీధి, మొదటి అంతస్తు, పురపాలక కార్యాలయం.

కిందికి దిగి బండి దగ్గరికి వెళ్ళాను. "గెలిచావ్ బాబాయ్," అన్నాను. "కాని నీ పేరు మీద కాదు."

"పేరు ఎందుకులే మాస్టారూ. బండి ఉంటుందిగా?"

జాబితాలో బండి అన్న మాటే లేదు. గురువారం సాయంత్రం పురపాలక లారీ వచ్చింది. రోడ్ల ఇన్‌స్పెక్టరు స్వయంగా దగ్గరుండి పని చూశాడు. ముందు నిలబడి ఓ గిన్నెడు ముదమ్మస్ తిని, చెయ్యి తుడుచుకుని, "ఏమనుకోకు బాబాయ్, నా ఓటు నీకే," అని చెప్పి బండిని ఎక్కించాడు. అంత మర్యాదగా జప్తు చేయడం నేనింకెక్కడా చూడలేదు. బండి ఆఫీసు వెనక, స్వాధీనం చేసుకున్న సామాను పెట్టే దొడ్లో చేరింది. బాబాయ్ లారీ వెనకే దొడ్డి గేటు దాకా నడిచాడు. నేను బల్ల మడిచేసి ఇంటికి పోయాను. ఆ రోజు ఇంకెవరికీ అర్జీ రాయబుద్ధి కాలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ఆఫీసు కడిగి, బల్లల మీద ఆ రోజు పేపర్లే పరిచారు. గోడకి ఇత్తడి ఫలకం బిగించారు. నన్ను అతిథుల పుస్తకం రాయడానికి పిలిచారు. అంతా సిద్ధమయ్యాక మేడమ్ ఇన్షిరాహ్ అడిగింది.

"ముదమ్మస్ ఎక్కణ్ణుంచి తెస్తారు పాషా?"

ఎవరూ ఆలోచించలేదు. పదకొండేళ్ళుగా అది దానంతటదే వస్తోంది మరి.

"బండి విడిపించండి," అన్నారు పాషా.

"యజమాని లైసెన్సు చూపిస్తేనే విడుదల. అతనికి లేదు."

"ఇంకో దారి?"

మేడమ్ అలమారా తెరిచి ఓ సర్క్యులర్ లాగింది. స్వాధీనం చేసుకున్న వస్తువుని అత్యవసర ప్రజాప్రయోజనం కోసం కార్యాలయం తన పేర నమోదు చేసుకుని వాడుకోవచ్చు. పాషా అక్కడికక్కడే సంతకం పెట్టారు. బండికి లైసెన్సు వచ్చింది. యజమాని, పురపాలక కార్యాలయం. చిరునామా, ఏడో నంబరు నారింజ వీధి. పదకొండేళ్ళు కదలని ఫైలు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మన వాళ్ళు తలుచుకుంటే పని ఎంత వేగంగా చేస్తారో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

బాబాయ్‌కి కబురు వెళ్ళింది. బండి పోయినా అలవాటు పోక, ఇంట్లో కడవ పొయ్యి మీదే పెట్టుకుని కూర్చున్నాడట. తడిగుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దొడ్లో తన బండి వెనక నిలబడి గరిటె పట్టాడు.

గవర్నరు మూడు గిన్నెలు తిన్నారు. నాలుగోసారి రొట్టె ఇంకా నోట్లో ఉండగానే, "ఇంత రుచి ఎవరి చేతిదండీ?" అన్నారు.

"ప్రభుత్వానిది సార్," అన్నారు షౌకత్ పాషా.

ఫొటోలు తీశారు. పక్క శివారు అధికారిని పంపి ఈ ఏర్పాటు నేర్చుకు రమ్మంటానని గవర్నరు చెప్పి వెళ్ళారు. పాషా సంతోషం పట్టలేక బాబాయ్‌ని కావలించుకున్నారు. జనం కోసం ఇకనుంచి దొడ్లో రోజూ పది నుంచి పన్నెండు దాకా బ్రంచ్ ఉంటుందని ప్రకటించారు.

ఆదివారం పొద్దున బాబాయ్ కొత్త చొక్కా వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తోడు నేనూ వెళ్ళాను.

"నా బండికి లైసెన్సు వచ్చిందటగా తల్లీ. తీసుకెళ్దామని వచ్చాను."

మేడమ్ ఇన్షిరాహ్ మంచి మనిషి. ఆమె ముఖం చిన్నబోయింది. "అదే చిక్కు బాబాయ్. ఇప్పుడది లైసెన్సున్న బండి. లైసెన్సు లేనివాడి చేతికి ఎలా ఇస్తాం?"

బాబాయ్ నా బల్ల దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "అర్జీ రాయి మాస్టారూ."

"ఏమని?"

"నా బండి పక్కన నన్ను నిలబడనివ్వమని."

ఇరవయ్యేళ్ళలో ఎన్నో అర్జీలు రాశాను. ఇలాంటిది ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అంతలో పై బాల్కనీలోంచి షౌకత్ పాషా తొంగిచూశారు.

"సిబాయీ బాబాయ్, ఇక్కడేం చేస్తున్నావ్? పదవుతోంది. జనం వచ్చేశారు, నిమ్మకాయలు కోసి పెట్టారు."

బాబాయ్ చటుక్కున లేచాడు. "తర్వాత రాద్దువులే, చల్లారిపోతుంది," అని నా భుజం తట్టి, చేతులు పైకి మడుచుకుంటూ దొడ్డి వైపు గబగబా నడిచాడు. గేటు దగ్గర కాపలా వాడు ఆపాడు. బయటివాళ్ళని పుస్తకంలో రాయకుండా పంపొద్దని వాడికి పొద్దున్నే ఆర్డరు వచ్చింది. పేరు అడిగి రాసుకున్నాడు. వచ్చిన పని అన్న గడి దగ్గర కలం నోట్లో పెట్టుకుని ఆలోచించి, "బ్రంచ్" అని రాసి లోపలికి పంపాడు.